చుట్లు విప్పిన ఆదివారం

ఆ రోజుల్లో నాకు కుడివైపు తిరగడం ఒక్కటే వచ్చు. ఇలా అంటే ఏదో వేదాంతం చెబుతున్నానని అనుకుంటారు గానీ, నేను మాట్లాడేది సైకిలు గురించే. చిన్నప్పుడు ఉబ్బసం ఉండడంతో నన్ను బడికి పంపలేదు. బన్సీలాల్‌పేటలో మా మేడే నా బడి. లెక్కలూ ఇంగ్లీషూ అమ్మ చెప్పేది, మిగిలినవన్నీ నాయనమ్మ. తొక్కితే ఊపిరితిత్తులు గట్టిపడతాయని డాక్టరుగారు చెబితే నాన్నగారు ఒక చిన్న సైకిలు కొన్నారు. మేడ మధ్యలో తులసికోట, దాని పక్కన పీట వేసుకుని నాయనమ్మ. నేను చుట్టూ తొక్కుతూ ఎక్కాలు ఒప్పజెప్పాలి. తులసమ్మ చుట్టూ తిరగడం కాబట్టి ప్రదక్షిణంగానే తిరగాలి, కోట ఎప్పుడూ నా కుడిచేతి వైపే ఉండాలి. ఒకసారి సరదాకి అటువైపు తిప్పబోతే నాయనమ్మ పుస్తకం మూసేసి, "చదివిందంతా వెనక్కి పోతుందే" అంది. అంత చదువు పోగొట్టుకునే ధైర్యం నాకు లేకపోయింది. (మా తరగతిలో మొదటి ర్యాంకూ నాదే, ఆఖరి ర్యాంకూ నాదే. పోల్చి చూడడానికి ఇంకొకరు ఉంటేగా.)

దేవుడి దయవల్ల పెద్దయ్యేసరికి ఉబ్బసం పోయింది, సైకిలు పిచ్చి మాత్రం మిగిలింది. మా బాబాయి బ్యాంకులో పనిచేసేవాడు, ఆదివారాల్లో మాత్రం ఒక సైకిల్ క్లబ్బుకు కెప్టెను. క్లబ్బంటే పెద్దగా ఊహించుకోకండి, ఒంటికి అతుక్కుపోయే చొక్కాలు వేసుకుని తెల్లవారకముందే అరటిపళ్ళు తినే కొద్దిమంది ఉద్యోగస్థులు. రెజిమెంటల్ బజార్‌లో నాన్నగారి స్టీలు సామాన్ల కొట్టు పక్కనే సైకిళ్ళు బాగుచేసే ఒక పెద్దాయన ఉండేవారు. అందరూ ఆయన్ని బ్రేకు చాచా అనేవారు. ఆయనే క్లబ్బుకి మెకానిక్కు, టైము చూసేదీ ఆయనే. నాకు సన్న టైర్ల సైకిలొకటి అరువిచ్చిందీ ఆయనే, ఆ మేలు ఈ జన్మకి మరిచిపోలేను. ఆ ఏడాది క్లబ్బుల మధ్య ఒక పోటీ వచ్చింది. జట్టుకి నలుగురు, అందులో ఒకరు ఆడవాళ్ళు కావాలి. మా క్లబ్బులో ఆడవాళ్ళం ఇద్దరమే, నేనూ, పళ్ళ డాక్టరక్కా. నాన్నగారు ఒకటే మాట అన్నారు: "నీకు వచ్చని ఇంట్లోవాళ్ళం కాదు, బయటివాళ్ళు అనాలి. జట్టులోకి తీసుకుంటే తొక్కుకో, లేకపోతే సైకిలు చాచాకి తిరిగిచ్చేసేయ్." ఆయన కోపంగా అనలేదు, అందుకే ఇంకా భయం వేసింది. నన్ను ఇంకొకరి పక్కన నిలబెట్టి కొలవడం పుట్టాక అదే మొదటిసారి.

ఎంపిక కొత్త ట్రాకు మీద జరుగుతుందన్నారు. నేరేడ్‌మెట్ దాటాక ఎవరో కొత్తగా వేసిన వెంచరు అది. ప్లాట్లకి హద్దురాళ్ళు తప్ప ఒక్క ఇల్లూ లేవలేదు, రోడ్లు మాత్రం అద్దాల్లా ఉన్నాయి. మధ్యలో పార్కుకని వదిలిన జాగా, అందులో అన్నిటికన్నా ముందు కట్టేసిన చిన్న ఆంజనేయస్వామి గుడి, దాని చుట్టూ మలుపులూ ఒక ఎక్కుడూ ఉన్న తారు రోడ్డు. "ముందు ఈ ట్రాకు గుణం ఏమిటో తేల్చాలి" అన్నాడు బాబాయి. రోడ్డుకి గుణం ఏమిటో నాకు అర్థం కాలేదు. అందరూ తలో నాలుగు చుట్లు తిరిగొచ్చి గుడి అరుగు మీద కూర్చున్నారు. ఇది ఎదురుగాలి ట్రాకు, టెక్నిక్కున్న తనలాంటివాడికి లాభం లేదన్నాడు బాబాయి. ఇది కండబలం ఉన్నవాళ్ళ ట్రాకు, తనలాంటి తేలిక మనిషికి కుదరదంది డాక్టరక్క. మా క్లబ్బులో అందరికన్నా భారీగా ఉండే కాంట్రాక్టరు లడ్డూ అన్న మాత్రం, "గిది బక్కోళ్ళ ట్రాకు. నా అసుంటోడు ఆ చడావ్ ఎక్కేసరికి జాన్ పోతది" అన్నాడు. నేను అయోమయంగా ఒక్కొక్కరి మొహమే చూశాను. ఒకే రోడ్డు ఇంతమందికీ ఎలా పడకుండా పోయింది? మరి ఎవరి కోసం వేసినట్టు పాపం? చాచా పంపు కింద పెట్టి, "ట్రాకుకు ఏం బీమారి లేదు సాబ్. మీ టైర్లల్ల గాలి లేదు, కాళ్ళల్ల దమ్ము లేదు. గంతే" అన్నారు. బాబాయి నన్నూ అడిగాడు. "ఇది ఎడమకి తిరుగుతోంది బాబాయ్" అన్నాను. అందరూ నవ్వారు. నేను హాస్యమాడలేదు. ప్రపంచంలో ఏ స్టేడియంలోనైనా ఎడమకే తిరుగుతారని బాబాయి వివరంగా చెప్పాడు. ప్రపంచం సంగతి సరే. గుడి నా ఎడమచేతి వైపు ఉంది, నేను స్వామి చుట్టూ అప్రదక్షిణం చేస్తున్నాను! పైగా ఎడమ మలుపు వచ్చిందంటే నా చేతులు వాటంతటవే బ్రేకు నొక్కేసేవి.

ఎంపిక ఆదివారం ఒక్కొక్కరుగా మూడు చుట్లు తిరగాలి, చాచా టైము చూస్తారు. కెప్టెను కాబట్టి బాబాయి ఆఖరున. నా వంతు రాగానే మనసులో స్వామికి క్షమాపణ చెప్పుకుని బయలుదేరాను. ప్రతి మలుపు దగ్గరా సైకిలు దిగి నడిపించినా అంతే టైము పట్టేదేమో. దిగేసరికి చాచా నా వైపు చూడకుండా గడియారం జేబులో పెట్టేసుకున్నారు. డాక్టరక్క నాకు మంచినీళ్ళిచ్చి వీపు నిమిరింది. ఓడిపోయానని దాంతో ఖాయమైపోయింది.

గుడి వెనక కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ కాసేపు ఏడ్చాను. తరవాత ఆలోచిస్తే సైకిలు పోవడం ఒక ఎత్తు, స్వామికి మూడు చుట్లు తలకిందులుగా తిరగడం ఒక ఎత్తు. సైకిలు సంగతి నా చేతుల్లో లేదు, రెండోది ఉంది. దారం ఇటు చుట్టుకుంటే అటు తిప్పి విప్పుతాం కదా! ఇవతలికి వచ్చి చూస్తే అంతా ఫ్లాస్కు చుట్టూ మూగి టీ తాగుతున్నారు, తిరగడాలన్నీ అయిపోయాయనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా సైకిలెక్కి, గుడిని కుడిచేతికి తెచ్చుకుని తొక్కడం మొదలుపెట్టాను. ఏమని చెప్పను, రోడ్డే మారిపోయింది. స్వామి నామం అనుకుంటూ పోతుంటే మలుపులు వాటంతటవే వంగుతున్నాయి, బ్రేకు గుర్తే రాలేదు. మూడో చుట్టులో పార్కు గోడ కోసం పోసిన ఇసుక కుప్ప దగ్గర మలుపు తిరిగేసరికి, టీ ముగించి తన ఆఖరి వంతుకి అప్పుడే బయలుదేరి, తల దించుకుని ప్రాణాలన్నీ కాళ్ళల్లో పెట్టుకుని ఎదురొస్తున్నాడు బాబాయి.

ఆయన సరాసరి ఇసుక కుప్పలోకి వెళ్ళాడు. (ఆ కుప్ప పోయించిన మేస్త్రీ ఎవరోగానీ, ఆయన పిల్లాపాపలతో చల్లగా ఉండాలి. బాబాయికి చిన్న గీత కూడా పడలేదు.) అందరూ పరిగెత్తుకొచ్చారు. బాబాయి నోట్లో ఇసుక ఊసి, ముందు సైకిలు వంక, తరవాత నా వంక చూశాడు.

"ఎవర్నడిగి అటునుంచి వచ్చావే?"

"చుట్లు విప్పుతున్నాను బాబాయ్" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. తులసికోట దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను, చెప్పినకొద్దీ అందరి మొహాలూ ఇంకా అయోమయంగా తయారయ్యాయి. చాచా ఒక్కరే నవ్వుతున్నారు. టీ పక్కన పెట్టి గడియారం తీశారట, నేను గుడి ముందునుంచి వెళ్ళిన రెండుసార్లూ చూస్తూనే ఉన్నారట. "అరె సాబ్, బిడ్డ చుట్టేటప్పుడు నత్త లెక్క పోయింది. ఇప్పేటప్పుడు సూడుండ్రి, డాక్టరమ్మ కంటె జల్ది. జెర మీరు సుత గట్ల తిరిగి సూడరాదు?"

బాబాయి గట్టిగా అభ్యంతరం చెప్పబోయాడుగానీ, ఒళ్ళంతా ఇసుకతో ఉన్న మనిషి స్టేడియం గురించి ఎంతసేపు మాట్లాడగలడు? పోటీ కుడివైపు పెట్టరని ఎక్కడా లేదు కదా అంది డాక్టరక్క, చల్లని తల్లి. అందరూ ఈసారి కుడికి తిరిగారు. నిట్టనిలువుగా ఉన్న ఎక్కుడు ఇటునుంచి జారుడు వాలుగా మారింది, అక్కడి ఎదురుగాలి వెనకనుంచి తోసింది. నేను డాక్టరక్క కన్నా ముందొచ్చాను. ఇక ట్రాకు గుణం మళ్ళీ మొదటికొచ్చింది. గాలి వీపుకి తగిలితే తన టెక్నిక్కు పనిచేయదన్నాడు బాబాయి. గిది మరీ బక్కోళ్ళదన్నాడు లడ్డూ అన్న. "ఇది చిన్నపిల్లల ట్రాకులే" అని నన్ను దగ్గరికి తీసుకుంది డాక్టరక్క. ఆ మాటల మధ్యే బాబాయి నాన్నగారికి ఫోన్ చేసి, "అన్నయ్యా, అమ్మాయికి వచ్చు" అన్నాడు. ఎటువైపు వచ్చో చెప్పలేదు, సంతోషం.

పోటీకి వెళ్ళాం. అక్కడి ట్రాకు ఎడమకి తిరిగింది. మధ్యలో గుడి లేదు, నీళ్ళ ట్యాంకు ఉంది, కాబట్టి పాపభయం లేకుండా హాయిగా ఆఖరున వచ్చాను. ఇంటికొచ్చి నాయనమ్మతో చెబితే "ఎంతమందిలో?" అని అడిగింది. చాలామందిలో, అన్నాను. నిజం చెప్పొద్దూ, గర్వంగానే అనిపించింది. అంతమంది ఉండగా ఆఖరు రావడం నాకు అదే మొదలు మరి.

ఇప్పుడు ఆ వెంచరు నిండా ఇళ్ళే. అందులో ఒకటి మాది, ఇంకొకటి బాబాయిది. పొద్దున్నే గుడి చుట్టూ ఆ రోడ్డు మీద నడుస్తాను. నడిచేవాళ్ళందరూ గుడిని కుడిచేతికే ఉంచుకుని నడుస్తారు, ఎవరూ చెప్పక్కర్లేదు. మోకాళ్ళు అరిగి సైకిలు మానేసిన మా బాబాయి ఒక్కడే ప్రపంచంలోని స్టేడియాలన్నిటి తరఫునా ఎదురు నడుస్తుంటాడు. ఒకప్పుడు ఇసుక కుప్ప ఉన్న మలుపు దగ్గర అరుగులు కట్టి బొగడ మొక్కలు వేశారు. అక్కడికి వచ్చేసరికి నేను ఇంకా కనిపించకముందే ఆయన రోడ్డు దిగి, మొక్కల పక్కన ఒద్దికగా నిలబడి, "కానీవే, విప్పుకో" అంటాడు. నేను స్వామికొక దణ్ణం, ఆయనకొక దణ్ణం పెట్టి ముందుకు పోతాను.