కుళాయి లేని వరుస

కలకత్తా మెటియాబ్రుజ్‌లోని తెలుగు రేవు కూలీల బస్తీలో ఇంగ్లీషు అర్జీ కావలసినవారందరూ పట్టాభిగారి అరుగెక్కేవారు. పోర్టు కార్యాలయంలో ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలకు నకళ్ళు రాసి విశ్రాంతి పొందిన మనిషి ఆయన. ఒక్క కామా అయినా సొంతంగా పెట్టి ఎరుగరు.

1984 వేసవిలో జగ్గమ్మ వచ్చింది. బస్తీకున్న ఒకే కుళాయి బస్సుల రోడ్డుకు అవతల ఉంది. మోకాళ్ళు పట్టేసిన ఆమె బిందెతో ఆ రోడ్డు దాటలేకపోతోంది. తమ సందులో కుళాయి వేయించమని అర్జీ కావాలి. సోమవారం పదింటికి మునిసిపాలిటీ ఇంజినీరు వస్తాడు. అప్పుడు కాగితం అందకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి.

పట్టాభిగారి కలం ఇంగ్లీషులో కుళాయి దాకా అవలీలగా నడిచి, సందుకు ముందు ఆగిపోయింది. 'ఇన్' అని రాస్తే సందు నడుమ పాతి దారి మూసేస్తారేమో. 'ఎట్' అంటే సందు మొదట్లోనే ఆగిపోతారేమో. 'ఆన్' అంటే ఏమవుతుందో తలచుకోవడానికే ఆయనకు ధైర్యం చాలలేదు. ఆయన నకలు తీసిన వేల ఉత్తరాలలో ఓడలు రేవులో ఉన్నాయి, సరుకు గోదాములో ఉంది, అధికారులు సెలవులో ఉన్నారు. కుళాయి మాత్రం ఎక్కడా లేదు.

చోటు కళ్ళారా చూస్తే మాట తోస్తుందని, సోమవారం ఉదయం జగ్గమ్మ బిందె అడిగి తీసుకున్నారు.

"బిందె ఏటికి బాబూ? కాయితం తాగుతాదేటి?"

నమూనాకు అన్నారాయన. సందు మొదట్లో పెట్టి చూశారు, నడుమ పెట్టి చూశారు. చివరకు జగ్గమ్మ గడప పక్కన, పార్టీ నినాదం రాసిన గోడవార పెట్టి, నిఘంటువు కోసం ఇంట్లోకి వెళ్ళారు.

ఆ బస్తీలో బిందె పెట్టినవారిదే వంతు, మనిషి నిలబడనక్కరలేదు. గోడవార బిందె కనబడగానే రామమ్మ తనదీ వెనక పెట్టింది. ఆమెను చూసి మరొకరు పెట్టారు. పట్టాభిగారు బయటికి వచ్చేసరికి నలభై బిందెలు, వంతు తగాదాలు రెండు.

ఇక్కడ కుళాయి లేదని ఆయన ఎంతో వినయంగా విన్నవించారు.

"నేకపోతే ముందల నీ బిందె తియ్యి బాబూ. అప్పుడు మేం తీస్తాం," అంది రామమ్మ.

"తియ్యకు," అంది జగ్గమ్మ గడపలోంచి. "మొదటి వంతు నాది."

ఇంతలో ఇంజినీరు వచ్చాడు. నలభై బిందెలను చూశాక ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. మొదటి బిందె ఎదుట గోడమీద సుద్దతో గుర్తు వేసి, అర్జీ ఏదన్నాడు. ఇంకా ఒక్క మాట కుదరలేదని, రెండు రోజులు గడువు దయచేయమని పట్టాభిగారు వేడుకున్నారు. జగ్గమ్మ ఆయన చేతిలోని కాగితం లాగి ఇంజినీరుకు ఇచ్చేసింది. ఆ బెంగాలీ బాబు ఖాళీ ఉన్నచోట ఒక గోడ, ఒక కుళాయి బొమ్మ గీసి, కింద సంతకం చేశాడు.

కుళాయి రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. అంతవరకు వంతు పోతుందని ఎవరూ బిందె కదల్చలేదు; రోడ్డు అవతలికి గిన్నెలతో వెళ్ళారు. ఇరవయ్యో రోజు జగ్గమ్మ మొదటి బిందె నింపి, మూడడుగుల్లో ఇంట్లోకి వెళ్ళిపోయింది.