దూడ చెవి కోసం ఆగిన వకీలు

ఎనభైల నాటి మాట. మంథనిలో వకీలు ఉపేందర్‌రావు భార్య లీలాబాయికి ఒకటే జబ్బు. మొగుడు కోర్టుకని గడప దాటబోయే వేళకే ఆమెకు లోకంలోని అందాలన్నీ కనిపించేవి.

"జర ఆగుండ్రి! గిటు సూడుండ్రి!" అని వాడంతా వినపడేలా కేకేసేది. చంకలో కాయితాల కట్టతో ఆయన వెనక్కి తిరిగేవాడు. చూస్తే ఏముంది? పెంకుల సందులోంచి గచ్చు మీద ఎండ పడింది.

"ఎండనా? గిందుకు ఆపినవా?"

"గుండ్రంగ ఎట్ల పడ్డదో సూడుండ్రి. మబ్బు వస్తే పోతది!"

ఒకనాడు పిచ్చుక మట్టిలో పొర్లడం, ఒకనాడు దూడ చెవి ఆడించడం. దూడ చెవి కోసం వకీలును ఆపిన ఇల్లాలు జిల్లా మొత్తంలో ఇంకొకరు ఉండరని ఆయన తోటి వకీళ్ళ దగ్గర వాపోయేవాడు. చివరికి జడ్జిగారు కూడా, "ఇవాళ ఏం చూసొచ్చారు రావుగారూ?" అని అడగడం మొదలుపెట్టారు.

జొన్నరొట్టె పొంగిందని ఆపిన రోజున మాత్రం పెద్ద లొల్లే అయింది. "నీకు పని లేదు, నాకున్నది! ఇంకోసారి ఆపితే మంచిగుండదు" అని అరిచాడు. లీలాబాయి చిన్నబుచ్చుకుంది. మర్నాడు మళ్ళీ, "జర ఆగుండ్రి! సొరాకు మీద నీటిబొట్టు!"

ఓ ఎండాకాలం ఆమె ధర్మపురిలో అక్కగారింటికి వెళ్ళింది. ఆయన హాయిగా, టైముకు గేటు దాటాడు. గోడ పక్కన పెరుగు కుండతో ఐలవ్వ ఒదిగి కూర్చుని ఉంది. మొగుడు పోయినప్పటి నుంచి ఆ వాడలో పెరుగు అమ్ముకుంటున్న మనిషి.

"గీడ కూసున్నవేంది ఐలవ్వా?"

ఆమె ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మీరు పొండ్రి దొరా, నేను ఎదురు రాను. రోజు దొరసాని 'జర ఆగుండ్రి' అన్నది ఇనవడంగనే మీ వాకిలి ముంగటికెల్లి జల్ది దాటిపోత. దొరసానే గట్ల చెప్పింది. ఇయ్యాల ఆమె లేదు కద."

ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో ఒక కేసు రోజున, మొగుడు లేనిది ఎదురొచ్చిందని ఈమెను నడివీధిలో తిట్టి, ఇంట్లోకి వెళ్ళి కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాడు. సాయంత్రానికల్లా మరచిపోయాడు.

లీలాబాయి రాగానే నిలదీశాడు. "నాకు చెప్పద్దా?"

"చెప్తే ఇంటరా? శకునం కాడ మీరు జడ్జి మాట గూడ ఇనరు."

"అయితే గా పిచ్చుకలు, ఎండ, అన్నీ నన్ను ఆపెతందుకు బహానాలేనా?"

"మొదట్ల బహానాలే. రోజొకటి దేవులాడంగ దేవులాడంగ నాకే ఇష్టమైంది. మీరు గూడ ఒక్కనాడన్న మంచిగ సూస్తరేమో అనుకున్న."

ఒక్కనాడూ చూడలేదు. ఇన్నేళ్ళూ ఆమె ఏరి చూపించినవన్నీ గడియారం వంక చూస్తూ పోగొట్టుకున్నాడు. చూడనందుకు బాధేసింది, ఐలవ్వను గోడ చాటున కూర్చోబెట్టినందుకు సిగ్గేసింది.

మర్నాడు గేటు దగ్గర నిలబడి ఐలవ్వను ఎదురు రమ్మన్నాడు.

"వద్దు దొరా, ఇయ్యాల పెద్ద కేసట!" అని ఆమె బతిమాలింది.

ఆయన వినలేదు. ఆమె ఎదురొచ్చాకే, "పోయొస్త ఐలవ్వా" అని చెప్పి కోర్టుకు వెళ్ళాడు. వెళ్ళి, కేసు ఓడిపోయాడు.

సాయంత్రం ఐలవ్వ భయపడుతూ వాకిట్లోకి వచ్చింది. "నేను ఎదురొచ్చినందుకే కద దొరా?"

"కాదు ఐలవ్వా" అన్నాడు ఉపేందర్‌రావు. "మా క్లయింటు నిజంగనే పక్కోని జాగల గోడ కట్టిండు."