నాలుగో దెబ్బ

కోదాడలో నాది మోటార్ల రిపేరు దుకాణం. కరెంటుకు తప్ప దేనికీ భయపడిన మనిషిని కాను. దయ్యమంటే ఎర్తింగు సరిగా లేకపోవడమేనని మావాళ్లను ఆటపట్టించేవాణ్ణి. ఇప్పుడా మాట అనడం మానేశాను.

మిర్యాలగూడ దగ్గర మూతపడిన రైసుమిల్లు ఒకటుంది. మా బావ అందులో చాలా ఏళ్లు ఆపరేటరుగా చేశాడు. ఒకరోజు పనిలో ఉండగానే గుండె ఆగి చనిపోయాడు. తర్వాత కొన్నాళ్లకు మిల్లు కూడా మూతపడింది. మోటార్లు చూసుకొమ్మని యజమాని తాళంచెవి నాకిచ్చాడు.

నిరుడు సూర్యాపేట నుంచి ఎవరో వచ్చి వీడియో తీసి, 'దయ్యాల మిల్లు' అని ఫోన్లలో పెట్టారు. ఇక ఆదివారమైతే చాలు, కార్లూ బండ్లూ బారులు తీరేవి. మా బావ పోయిన చోటు చూడటానికి మిర్చిబజ్జీల పొట్లాలు పట్టుకుని మరీ వచ్చేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

ఒక మధ్యాహ్నం వీళ్ల సంగతి చూద్దామని గోడ వెనక్కి వెళ్లి, వడ్లు పైకెక్కే ఇనుప గొట్టాన్ని పానాతో మూడుసార్లు కొట్టాను. అది బావ అలవాటు. లోపల గొట్టం అడుగున వడ్లు పోసే గుంత ఊడ్చేవాళ్లు బయటికి రావాలని, మోటారు వేసేముందు అలా మూడు దెబ్బలు కొట్టేవాడు. మీసాలు మెలేసిన ఒకాయన ఒక చెప్పు వదిలేసి పరుగెత్తాడు. నేను కడుపుబ్బ నవ్వుకున్నాను.

అదంతా ఎవరో తీసి ఫోన్లలో పెట్టారు. ఆ వీడియో మా అక్క చూసింది.

"మీ బావ గాడనే ఉన్నడు తమ్మీ. ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలే?" అంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం చివ్వెంల నుంచి బస్సెక్కి వచ్చి ఆ గొట్టం పక్కనే కూర్చునేది. ఆమె ఎదురుచూపు చూడలేక మరో రెండుసార్లు గోడ వెనక నుంచి నేనే మూడేసి దెబ్బలు కొట్టాను. ఆమె ఏడుస్తూనే నవ్వింది. చూడటానికి వచ్చినవాళ్లేమో, "మిమ్మల్నే పిలుస్తుండమ్మా" అని నూరిపోశారు. అక్క తిండి తగ్గించింది. కూలికి పోవడం మానేసింది.

"పిలుస్తుంటే పోకుండ ఎట్లుండాలె తమ్మీ?" అని ఒకరోజు మామూలుగా అడిగింది. చావు గురించే అంటోందని నాకర్థమైంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మర్నాడే ఆమెను మిల్లుకు తీసుకెళ్లాను. ఆదివారం కాదు, జనం లేరు. లోపలికి వచ్చాక గేటుకు తాళం నేనే వేశాను. గొట్టం పక్కన కూర్చోబెట్టి, రెండు చేతులూ పట్టుకుని చెప్పేశాను. "అక్కా, కొట్టింది నేనే. అన్నిసార్లూ నేనే."

ఆమె నా చేతులు వదల్లేదు.

అప్పుడు గొట్టం మోగింది. మూడు దెబ్బలు.

"లే, బయటికి పోవాలె" అంటూ అక్క లేచి నన్ను లాక్కుపోయింది. పెళ్లయిన కొత్తలో ఆమె కూడా ఆ మిల్లులో గుంత ఊడ్చింది. ఇద్దరం గడప దాటాం. దాటగానే లోపల ఒకే ఒక్క దెబ్బ.

"అందరు ఎల్లిన్రని సూసుకొని గా ఒక్కటి కొడ్తడు. ఇగ మోటరేస్తడు" అంది అక్క. కళ్లు తుడుచుకుంది. "పిలుస్తలేడు తమ్మీ, పొమ్మంటున్నడు. పా."

నేను మిల్లు చుట్టూ రెండుసార్లు తిరిగాను. గేటు తాళం తాళంలాగే ఉంది. కరెంటు ఎప్పుడో తీసేశారు. పానా నా జేబులో ఉంది. ఎండకు ఇనుము సాగి చప్పుడైందని ఒకరోజు అనుకుంటాను, మర్నాడు అది కూడా నమ్మబుద్ధి కాదు.

అక్క మళ్లీ అక్కడికి రాలేదు. ఆ వారమే పత్తి ఏరడానికి పోయింది, రెండు పూటలా తింటోంది. నేను తాళంచెవి తిరిగిచ్చేశాను. అసలు నాలుగో దెబ్బ ఒకటి ఉంటుందని ఆ రోజుదాకా నాకు తెలియనే తెలియదు.