దారం పట్టే చెయ్యి

చక్రాల కుర్చీలో కూర్చుని ఆడే బాస్కెట్‌బాల్‌లో ఒక పద్ధతి ఉంది. బంతి ఒళ్లో పెట్టుకుని చక్రాలను రెండుసార్లు తొయ్యవచ్చు, ఆ తర్వాత బంతిని నేలకు కొట్టి తీరాలి. నాకు చదువు సంతకం వరకే. అయినా ఇది మొదటి రోజే ఒంటికి పట్టింది. ధర్మవరంలో మా వీధికి తెల్లవారేదే మగ్గాల చప్పుడుతో. తోపు, తోపు, దెబ్బ. నా చెవుల్లో అది ముందు నుంచే ఉండేది.

చిన్నప్పుడే పోలియో వచ్చి నా కాళ్లు రెండూ పోయాయి. నా భర్త పట్టుచీరలు నేసేవాడు, నేను రాట్నం మీద కండెలు చుట్టేదాన్ని. కుడిచేత్తో చక్రం తిప్పడం, ఎడమచేతి వేళ్ల సందున దారం వదలడం. అనంతపురంలో ఆడవాళ్లు కుర్చీల్లో బంతి ఆడుతున్నారని విని నన్ను తీసుకుపోయింది ఆయనే. అయితే మంచం మీది నుంచి కుర్చీలోకి ఎత్తుతానంటే మాత్రం ఆయన్ను కూడా దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు. నా చేతుల మీద నేనే లేచేదాన్ని. ఆయన పోయాక కూడా జట్టులో ఆడుతూనే ఉన్నాను. రింగులోకి బంతి వేసేది ఎక్కువగా నేనే.

పోయిన ఎండాకాలం ప్రాక్టీసులో రెండు కుర్చీలు గుద్దుకుని నాది తిరగబడింది. కుడి భుజం మీద పడ్డాను. లోపల కండ చినిగింది. మళ్లీ చినిగితే ఈ చేతి మీద ఇంక ఎప్పటికీ బరువు మోపలేవమ్మా అన్నాడు డాక్టరు.

ఆ నెలలన్నీ నన్ను ఎత్తింది మా అత్త. ముసలి మనిషి. చంకల కింద చేతులు పెట్టి, ఊపిరి బిగబట్టి ఎత్తేది. సిగ్గుతో నేను కళ్లు మూసుకునేదాన్ని.

రాట్నం ఆపడానికి లేదు కదా, ఆమె చక్రం తిప్పితే నేను ఎడమచేత్తో దారం పట్టేదాన్ని. మధ్యాహ్నం వేడిగాలికి రెప్పలు వాలిపోయేవి. అప్పుడు రాట్నం చక్రమే నా కుర్చీ చక్రమయ్యేది. చిత్రావతి ఏట్లో పోతుండేదాన్ని. నీళ్లు లేవు, ఇసుకే నీళ్లలా కదిలేది. చక్రాలకు చప్పుడు లేదు, నాకు బరువు లేదు. పైన చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టినట్టు రింగు తేలుతుండేది. బంతి విసిరితే అది పైపైకి పోయేది. ఎంతసేపు చూసినా కిందికి వచ్చేది కాదు.

"యాడికి పోయినావు మే?" అనేది అత్త.

"ఈడనే ఉండాను."

"బిగబట్టినావు, దారం తెగింది. పట్టీ పట్టనట్టు పట్టుకో. పోయేదాన్ని పోనీ."

మెల్లగా ఆడవచ్చని డాక్టరు చెప్పిన కొన్నాళ్లకు, జట్టును మళ్లీ ఎంచుకుంటున్నామని కబురు వచ్చింది. అత్త కూడా బయలుదేరింది.

"ఆ కుడి చెయ్యి చెవి దాటిందంటే నిన్ను ఈడ్చుకొని వచ్చేస్తా," అంది బస్సులో.

"అందరి ముందరా అత్తా?"

"ముందర్నే. నేను పోయినంక నిన్ను ఎత్తేది ఎవురు? నీ కోచ్ సారా?"

బస్సు దిగి ఆట జరిగే చోటికి చేరాం.

మా జట్టులో కదిరి సాయిబుల పిల్ల ఒకతి ఉంది. గట్టు మీద కూర్చున్న అత్తను చూసి నవ్వింది.

"ఏమక్కా, కావలి పెట్టుకొని వచ్చినావా?"

"నాకు కాదు, నా భుజానికి."

ఆట మొదలైంది. బంతి నా ఒళ్లోకి వచ్చింది. తోపు, తోపు, దెబ్బ. రింగు కిందికి చేరేసరికి అలవాటు కొద్దీ కుడిచెయ్యి లేచింది. భుజం దాటుతుండగా లోపల, తెగబోయే దారంలా ఏదో సాగింది. అటు చూస్తే అత్త లేచి నిలబడి ఉంది. చెయ్యి దించేశాను.

బంతిని ఎడమ అరచేతిలోకి మార్చుకున్నాను. పట్టీ పట్టనట్టు పట్టి, పోయేదాన్ని పోనిచ్చాను. రింగు చుట్టూ తిరిగి బయట పడింది. రెండోసారి అందనే లేదు. మూడోసారి విసిరాక చుట్టూ అరుపులన్నీ దూరమైపోయాయి. చిత్రావతి ఇసుకలో ఉన్నట్టే ఉంది. కానీ ఈసారి బంతి కిందికి వచ్చింది, వలలో నుంచి.

కోచ్ సారు దగ్గరికి వచ్చాడు. "ఎడమ చెయ్యి ఎప్పుడు నేర్చుకున్నావక్కా?"

"ముప్పై ఏండ్లాయ సారూ, రాట్నం కాడ."

"ఇంగ ఆ చేత్తోనే వెయ్యి. కుడి చెయ్యి పైకి ఎత్తొద్దు. సోమవారం నుంచి రా."

ఇంటికి వచ్చేసరికి గోడ మీద ఇంకా ఎండ ఉంది. అత్త ఎప్పటిలాగే చేతులు చాపుకుంటూ వచ్చింది.

"నువ్వు కూర్చో అత్తా," అన్నాను.

ఆమె పోయి రాట్నం ముందు కూర్చుంది. నా వైపు చూడలేదు. నేను మంచం పక్కన కుర్చీ ఆపి, రెండు అరచేతులూ మోపి, భుజం ఏమంటుందో వింటూ, కొంచెం కొంచెంగా ఒంటిని జరిపాను. అంతసేపూ ఆమె చక్రం మీద చెయ్యి వేసి తిప్పకుండా ఉంది. మంచం నులక కిర్రుమంది. అప్పుడు తిప్పింది.