తాత ఎవరికోసం చూస్తున్నాడు

పాతబస్తీలో హుస్సేనీ ఆలం గల్లీల్లో ఉన్న మా సర్కారు బడిలో అయిదో తరగతికి తెలుగు చెప్పడం నా పని. ఏటా చుట్టుపక్కల బడుల టీచర్లంతా మీటింగుకు మా దగ్గరికి వచ్చినప్పుడు, వాళ్ళ ముందు నమూనా పాఠం చెప్పేది నేనే. ఆ రోజు కోసమే ఒక గద్వాల చీర విడిగా దాచుకునేదాన్ని. పెళ్ళిళ్ళకు కూడా దాన్ని బయటికి తీసేదాన్ని కాదు.

అలాంటిచోటికి కోస్తా నుంచి ఒక చిన్న టీచరమ్మ వచ్చింది. భర్తకు ఇక్కడ ఆఫీసు ఉద్యోగమట, ఈమె మా బడిలో తాత్కాలికంగా చేరింది. హిందీ ముక్క రాదు. రెండో సెక్షన్ ఆమెకిచ్చారు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు కదా, అదే అయింది. పిల్లలు ఏ జవాబు చెప్పినా తప్పు, ఒప్పు అనదు. "ఎలా తెలిసింది?" అంటుంది, అంతే. పిల్లలు పోటీపడి పుస్తకంలో వాక్యం మీద వేలు పెట్టి చూపించాలి. ఇంటర్వెల్లో నా సెక్షన్ పిల్లలు కూడా ఆమె కొంగు పట్టుకుని తిరిగేవాళ్ళు. నాకు కడుపు మండిపోయేది. ఏముందని ఆ ప్రశ్నలో? నేను అడగలేనా?

ఈసారి మీటింగులో పాఠం ఎవరు చెప్పాలో తేల్చడానికి మా హెడ్‌మాస్టరమ్మ ఒక ఉపాయం చేసింది. ఇద్దరూ ఒకే కథ చెప్పాలి, ఆమె వెనక కూర్చుని చూస్తుంది. సరే కానీ, నిన్నగాక మొన్న వచ్చినదానితో నాకు పోటీ ఏమిటని ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

కథ చిన్నదే. ఒక తాత పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. కూజా దాకా వెళ్ళి, ముట్టుకోకుండా తిరిగొచ్చాడు. మాటిమాటికీ గడియారం చూశాడు. పొద్దు గూకుతుంటే గుమ్మంలోకి వెళ్ళి చెవులు రిక్కించి నిలబడ్డాడు. ఎందుకు? తాతకు ఒంట్లో బాగాలేదు, డాక్టరు కోసం ఎదురుచూస్తున్నాడని గైడులో ఉంది.

అది రంజాన్ నెల. నేను ప్రశ్న అడగ్గానే సగం క్లాసు "రోజా, టీచర్!" అని అరిచింది. తాత ఉపవాసం ఉన్నాడని వాళ్ళ మాట. తప్పన్నాను. ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చునే నా ఇష్టమైన పిల్ల ఒకతి లేచి నిలబడింది.

"పానం బాగలేకుంటె నీళ్ళన్న తాగుతరు కద టీచర్. కూజ దాక పోయి ఉత్తగనే వచ్చిండు. మా దాదా గిట్లనే చేస్తడు, సైరన్ వినబడేదాక."

వెనక హెడ్‌మాస్టరమ్మ కూర్చుని ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. కూర్చో, గైడులో ఉన్నది రాసుకో అన్నాను. నేను పుట్టింది ఇక్కడ, పెరిగింది ఇక్కడ. చిన్నప్పుడు సాయంత్రం ఉపవాసం విడిచే సైరన్ మోగితే పక్కింటి నుంచి ఖర్జూరాల ప్లేటు వస్తుందని గుమ్మంలో కాచుకుని ఉండేదాన్ని. అలాంటి నాకు గైడు పట్టుకుంటే అదేమీ గుర్తుకు రాలేదు.

చిన్న టీచరమ్మ క్లాసులోనూ పిల్లలు రోజా అనే అన్నారు. రోజా అంటే నాకు సరిగ్గా తెలియదు, చెప్పండి అందట ఆ మహాతల్లి. ఆపైన ఎలా తెలిసిందని అడిగిందట. పిల్లలు కూజా దగ్గర ఒక వేలు, గడియారం దగ్గర ఒక వేలు పెట్టి చూపించారట. మీటింగులో పాఠం ఆమెకే దక్కింది.

మీటింగు రోజున నేను గద్వాల చీరే కట్టుకుని వెళ్ళాను. ఎందుకంటే ఏం చెప్పను, మొండితనం. రెండు సెక్షన్ల పిల్లల్నీ కలిపి కూర్చోబెట్టి ఆమె పాఠం చెప్పింది. బాగా చెప్పింది, అదే నా ఏడుపు. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత నేను చాయ్ గ్లాసులు సర్దుతుంటే నా ముందు బెంచీ పిల్ల వచ్చి నిలబడింది.

"ఆ టీచర్‌ని చూస్తె మీకు జలన్ అయితది కద టీచర్?" అంది మెల్లగా.

కుళ్ళు అనే మాటకు వాళ్ళింట్లో అనే మాట అది. లేదే, ఎవరన్నారు, పో ఆడుకో అన్నాను. కదల్లేదు. అప్పుడు నా నోటినుంచే వచ్చింది, ఆమె ప్రశ్న.

"ఎట్ల తెలిసింది?"

"మీరు పాఠం చెప్పనీకి కట్టుకునే చీర కట్టుకొచ్చిన్రు. అందరు చప్పట్లు కొడితె మీరు కొంగు సదురుకున్నరు."

అంటూనే నా చీర అంచు మీద వేలు పెట్టింది, వాక్యం చూపించినట్టు.