కరవని పాము కింద పాస్‌పోర్టులు

ముందే ఒప్పుకుంటున్నాను: నా నోట్లో పడితే మూరెడు పాము బారెడవుతుంది. మా ఆవిడ నేను చెప్పేదాంట్లో పావు వంతే నమ్ముతుంది. మీరు సగం నమ్మితే చాలు.

అప్పట్లో ఫింటాస్‌లో ఒక కువైటీ ఇంట్లో నేను డ్రైవరుని. మాది రాయచోటి. వంటా ఇంటిపనీ చూసే అక్కది గోదావరి జిల్లా. మా ఇద్దరికీ వీసా ఇచ్చిన కఫీల్‌కి కొండచిలువల పిచ్చి. మేడ మీద గదిలో రెండు గాజుపెట్టెలు, పెట్టెకొకటి చొప్పున రెండు పాములు. విప్పి పరిస్తే ఒక్కొక్కటీ ఫింటాస్ నుంచి షర్క్ చేపల మార్కెట్ దాకా వచ్చేది.

రెండూ ఆ గదిలోనే గుడ్డు పగలగొట్టుకుని వచ్చాయి. ఒకే వేడి, ఒకే రకం ఎలుకలు, పెంచిందీ ఒకే చెయ్యి. గుణాలకు మాత్రం పొంతనే లేదు. ఎందుకో కఫీల్ నాకు కారులో గంటల తరబడి చెప్పేవాడు. కరిచే పాముకు ఆయన పెళ్లి చేసేవాడు కాదు. ఆడదీ మగదీ రెండూ నెమ్మదివైతేనే జత కలిపేవాడు. వాటి పిల్లల్లోనూ నెమ్మదైనదాన్నే ఏరి మళ్లీ సంబంధం చూసేవాడు. అలా మూడు తరాల తర్వాత పుట్టింది మొదటిది. మెడలో వేసుకుంటే అత్తరు పూసిన కండువాలా పడి ఉండేది. రెండోదాని తల్లిని గుడ్లతో ఉండగానే అడవిలో పట్టి తెచ్చారు. ఆ పిల్ల మూత తీసిన ప్రతివాణ్ణీ ముందు కరిచి, తర్వాత ఎవరా అని చూసేది. పెంపకం సగం, రక్తం సగం అనేవాడు ఆయన.

ఇరాక్ సైన్యం వచ్చిన వారానికి కఫీల్ కుటుంబం సౌదీకి వెళ్లిపోయింది. అన్నాళ్లూ తమ దగ్గరే ఉంచుకున్న మా పాస్‌పోర్టులను, మేం మామా అని పిలిచే కఫీల్ భార్య వెళ్తూ వెళ్తూ అక్క చేతిలో పెట్టింది. బాగ్దాద్ మీదుగా జోర్డాన్ వెళ్లే బస్సెక్కాలంటే అవే దిక్కు. అవి పోతే మేమెవరమో చెప్పే కాగితం భూమ్మీద లేదు. సిపాయిలు ఇల్లిల్లూ గాలిస్తూ పిండి డబ్బాల్లో కూడా చేతులు పెడుతున్నారు. అందుకని పాముపెట్టెలో పరిచిన పాత వార్తాపత్రికల కింద దాచాను. నెమ్మదైన పాము కింద.

అక్క ముక్కున వేలేసుకుంది.

"కరిచేదాని కింద దాచాలి గానీ, ముద్దులొలికేదాని కింద దాచడవేంటి తమ్ముడూ?"

"దాని కింద పెట్టేకి చెయ్యి ఎవరిస్తారక్కా? నువ్విస్తావా?"

అక్క ఇవ్వలేదు.

రెండు రోజులకే ఒక సిపాయి మేడెక్కాడు. తుపాకీ అతనికన్నా పొడుగు. పాముల్ని చూసి దడుచుకుంటాడనుకుంటే, మూత తీసి, నెమ్మదైనదాన్ని ఎత్తి మెడలో వేసుకున్నాడు. అది, దాని వంశం మండ, అతని చెవికి తల ఆనించి సర్దుకుంది. కాగితాల మడతలోంచి పాస్‌పోర్టు అట్ట అంచు నాకు కనిపిస్తోంది. నా గుండె చప్పుడు సులైబియా గోదాముల దాకా వినిపించి ఉంటుంది.

అతను మురిసిపోయాడు. దీన్ని పెట్టెతో సహా శిబిరానికి తీసుకెళ్తానన్నాడు. యల్లా, పట్టు అన్నట్టు నాకు సైగ చేశాడు.

అక్క తడిచేతులు తుడుచుకుని వంటింటి అరబీలో అందుకుంది. తీసుకుపో నాయనా, దీని తోడబుట్టినదాన్ని కూడా చూసిపో అంటూ రెండో పెట్టె మూత లేపింది. అది మెరుపులా లేచి అతని చొక్కా చేతిని కరిచి పట్టుకుంది. విదిలించుకునేసరికి అతని ముఖం సున్నం కొట్టిన గోడ.

"రెండూ ఒక్క తల్లి పిల్లలే," అంది అక్క, బియ్యంలో రాళ్లు ఏరుతున్నంత నింపాదిగా. "ఆ తల్లి కూడా చిన్నప్పుడు ఇలాగే మెడలో పడుకునేదట. పెద్దయ్యాక మా యజమాని వేళ్లు రెండు కొరికేసింది."

అతను మెడలోని పామును పేలని బాంబులా దించి పెట్టెలో పెట్టాడు. ఖలాస్ అని ఒక్క మాట అని మెట్లు దిగిపోయాడు. అక్క రెండు పెట్టెల మూతలూ వేసింది. పాముల్ని పక్కింటి పాలస్తీనా మాస్టారికి అప్పగించి, ఆ వారంలోనే ఇద్దరం బస్సెక్కాం.

ఇందులో కల్పించిందేమిటంటే, ఆ కాటు. ఆ పూట రెండో పాము ఎలుకను మింగి ఉంది. మూత లేపినా తడితాడులా పడి ఉంది తప్ప కదల్లేదు. సిపాయి దిగిపోయింది అక్క ఆడిన అబద్ధపు మాటకే. ఆ మాట మాత్రం అక్షరం మార్చకుండా రాశాను. దాన్ని ఇంకా పెంచడం నావల్ల కూడా కాలేదు.