గొట్టం మూసింది నేనే

మా బావ పోయాడని ఫోన్ చేసిన మనిషిని నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అతను బావ కొట్టు పక్కన టీ అమ్మే మనిషి. నాలుగు రోజుల కిందట నా బండికి బ్యాటరీ వేసినవాడు పోవడమేమిటి, వేళాకోళానికైనా హద్దుండాలి అన్నాను. అతను నా తిట్లన్నీ విని, "రండి బాబూ, రండి. కొట్లోనే పడుకోబెట్టినాం" అన్నాడు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ మాట నా తలకి ఎక్కడం లేదు.

బావంటే మా చెల్లెలి మొగుడు, నన్నూ బావా అనే పిలిచేవాడు. కోటబొమ్మాళిలో ముప్పై ఏళ్లుగా బ్యాటరీల కొట్టు. ఆ పొద్దున షట్టరెత్తి, బ్యాటరీలు చార్జింగుకి పెట్టి, స్టూలు మీద కూర్చున్నాడట. కూర్చున్నవాడు అలాగే పక్కకి ఒరిగిపోయాడట. ఒక జబ్బు లేదు, ఒక మందుబిళ్ల లేదు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. నేనుండగా అతను పోవడం ఏం లెక్క?

నాది నౌపడ. చేపల వ్యాపారం. మూడో తరగతితో నా చదువు సరి. తప్పులుంటే దిద్దుకుని చదవండి. నేను ఎవరి ముందూ తగ్గే మనిషిని కాను. ఆ సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు. బావ వేరు. గొంతు లేవదు. యాసిడ్ చుక్కలకి లుంగీ అంతా చిల్లులే, వల కట్టుకున్నావా అని నేను ఏడిపించేవాణ్ని. "సేపలు పడతాయేమోనని" అనేవాడు. ప్రతి బ్యాటరీనీ వెలుగుకి ఎత్తి పట్టి లోపల నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూసేవాడు. ఒకసారి నేను మా నూతినీళ్లు పోశానని తెలిసి, "ఆ ఉప్పునీళ్లు నీకే మంచివి కావు, దీనికేటి మంచివి?" అన్నాడు. వచ్చిన ప్రతివాడికీ ఒకటే పాఠం చెప్పేవాడు: తీసేటప్పుడు నల్ల తీగ ముందు, పెట్టేటప్పుడు ఎర్ర తీగ ముందు. వింటున్నాడో లేదో చూసుకోడు. చెప్పడం తన పని.

ఇక నేను చేసిన పని చెప్తాను.

నా బండిది పాత రకం బ్యాటరీ. మూతలు తీసి నీళ్లు పోసుకోవాలి. లోపలి ఆవిరి పోవడానికి పక్కన సన్నటి గొట్టం ఉంటుంది. అందులోంచి ఎప్పుడైనా ఒక చుక్క యాసిడ్ కారుతుంది. ఆ చుక్కలు పడి పడి నా చేపల గంప కట్టే తాడు తినేశాయి. తాడు తెగి గంప రోడ్డు మీద బోర్లా పడింది. మాది పడవల మీద బతికిన ఇల్లు. కారేది ఏది కనిపించినా మా చెయ్యి ఊరుకోదు. పడవ పలకల సందులు మూసినట్టే, నూలుపోగు కరిగించిన గుగ్గిలం బంకలో ముంచి గొట్టం చివర కూరేశాను. చుక్క ఆగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పదిహేను రోజులకి సంతకి పోతుంటే బ్యాటరీ ఠాప్‌మని పగిలింది. బండి తోసుకుంటూ సంతకి చేరి, కనిపించిన ప్రతివాడికీ చెప్పాను, మా బావ కుళ్లు సరుకు అంటగట్టాడని. సొంతవాణ్నే ముంచితే మీ గతేమిటి అని కూడా అన్నాను. అక్కడి నుంచి కొట్టుకి పోయి నలుగురి ముందూ అదే అరిచాను.

బావ వంటసోడా కలిపిన నీళ్లతో బండి మీది యాసిడ్ కడిగాడు. గొట్టం లాగి చూశాడు. చివర కూరిన ముక్క పీకి లుంగీ మడతలో దోపుకున్నాడు. బల్ల కింద నుంచి కొత్తరకం సీల్డ్ బ్యాటరీ తీశాడు. దానికి మూతలు లేవు, నీళ్లు పోసే పని లేదు. ముందు నా బండి ఎంత కరెంటు ఇస్తోందో మీటరు పెట్టి చూసుకున్నాడు, ఎక్కువైతే ఇదీ ఉడికిపోతుందట. కొంచెం పొట్టిగా ఉందని పక్కన రబ్బరు ముక్క దోపి బిగించాడు. వచ్చినవాళ్లంతా వెళ్లాక దాన్ని తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఏటి బావా ఇది?" అన్నాడు.

"గుగ్గిలం" అన్నాను.

"పడవలోకి నీళ్లు రాకూడదు. దీన్లోంచి గాలి బయటికి పోవాల. ఊపిరి మూసీసినావు నువ్వు." నవ్వాడు. "ఇప్పుడేసిన దానికి గొట్టమే నేదు. మూయడానికి నీకేటీ దొరకదు. నానెవలికీ సెప్పన్లే, ఎల్లు."

మర్నాడే సంతలో నిజం చెప్పాలనుకున్నానని రాస్తే అది అబద్ధం. రోజుకో ఊళ్లో మూడు సంతలు చేశాను. మూడో రోజు ఒక ఆటోవాడు బ్యాటరీకి మా బావ కొట్టు మాని టెక్కలి పోతున్నానన్నాడు, మీరే కదా సెప్పినారు అన్నాడు. నేను చేపలు తూస్తూ కూర్చున్నాను. నాలుగో పొద్దున ఫోనొచ్చింది.

బావని కొట్టు నుంచి ఇంటికి తెచ్చాం. ఇంటి ముందు జనం నిండిపోయారు. పలకరించడానికి వచ్చినవాళ్లలో ఎవరో సంతలో నేనన్న మాట చెల్లితో అన్నట్టున్నారు. చెల్లి బావ పక్కనుంచే నన్ను పిలిచింది. "అన్నియ్యా, ఈయన సెడ్డ సరుకిచ్చినాడని సంతలో అన్నావట. నిజమేటి?" ఆ గొంతులో ఏడుపు లేదు. బావ ఇంట్లో కూడా ఏమీ చెప్పలేదని నాకు అప్పుడు తెలిసింది.

లేచి నిలబడ్డాను. సంతలో అరిచినంత గట్టిగానే చెప్పాను. "సరుకు మంచిదే. గొట్టం నానే మూసినాను. బావ నా పరువు కాసినాడు. నాను బావది తీసినాను."

నాతోపాటు చేపలమ్మే ఒక ముసలామె, "మరి ఇన్నాళ్లూ నీ నోరేటయింది?" అంది. నేనన్న అబద్ధం ఎంత దూరం పోయిందో నాకు తెలియదు. ఈ రాత కూడా అంత దూరం పోవాలి.

శ్మశానం నుంచి వచ్చాక చెల్లి కొట్టు తాళం నా చేతిలో పెట్టింది. "సార్జింగు ఎవలూ ఆపనేదు. నువ్వెల్లి ఆపు" అంది.

షట్టరెత్తాను. బల్ల మీద ఎవరెవరివో ఎనిమిది బ్యాటరీలు వరసగా ఉన్నాయి. మూతలన్నీ తీసి ఉన్నాయి. ఏ బ్యాటరీ మూతలు దాని ముందే, ఆరు చొప్పున పేర్చి ఉన్నాయి. పొద్దున బావ పెట్టినవి. తెరిచిన కన్నాల్లో సన్నటి బుడగలు లేస్తున్నాయి. స్విచ్ ఆపేశాను. బుడగలు వెంటనే ఆగలేదు. ఒకదాంట్లో తగ్గితే ఇంకోదాంట్లో వస్తున్నాయి. నిలబడి చూశాను. చివరనున్న బ్యాటరీలో చాలాసేపు ఒక్కొక్క బుడగే పైకి వస్తూ ఉంది.